సుఖనిద్ర అనే రాయి

చలికాలం వచ్చిందంటే ఎవరైనా దుప్పటి వెతుక్కుంటారు. కళ్లద్దాల షాపులో పనిచేసే చత్వారం మాత్రం రాయి వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

చత్వారం అతని పేరు కాదు. కన్నవాళ్లు పెట్టిన పేరు వేరే ఉంది గానీ ఎక్కుడు గోడ దగ్గర దాన్ని ఎవరూ అడగలేదు. ఊళ్లో టైర్ల గోడౌను ఒకటి ఖాళీ పడితే, ఎవరో అందులో చెక్క గోడలు నిలబెట్టి, వాటి నిండా రంగురంగుల ప్లాస్టిక్ ముద్దలు బిగించారు. తాడూ నిచ్చెనా లేకుండా ఆ ముద్దలు పట్టుకుని పైకి పోవాలి. కింద పరుపులుంటాయి. పడ్డవాడు పరుపు మీద పడతాడు, దులుపుకుని మళ్లీ గోడ పట్టుకుంటాడు. సాయంత్రాలు అక్కడ చేరేది చాలావరకు కుర్రవయసువాళ్లే. వాళ్ల మధ్య నలభై దగ్గరపడ్డ మనిషి, పైగా కళ్లద్దాలు అమ్మేవాడు, గోడకు ముక్కు ఆనించి పట్టు కోసం తడుముకుంటుంటే చూసి, 'చత్వారం వచ్చింది, జరగండి' అన్నాడు గడ్డం. అందరూ నవ్వారు. ఇతనూ నవ్వాడు. నవ్వడంతో ఆ పేరు ఖాయమైపోయింది.

గడ్డం ఆ గుంపుకు పెద్ద. వయసులో చత్వారం కన్నా పదేళ్లు చిన్నవాడే అయినా, చత్వారం అతన్ని గురువుగారూ అనేవాడు. ఛాతీ దాకా గడ్డం, ఎముకలు కొరికే చలిలోనూ చేతుల్లేని బనీను. మాట్లాడేముందు కళ్లు మూసుకునేవాడు, లోపల ఎక్కడో రాసిపెట్టుకున్నది చదువుకుంటున్నట్టు. గోడ మీద ఎక్కడం బొమ్మ గుర్రం మీద స్వారీ అనీ, అసలు ఎక్కడమంటే బయట, చల్లటి రాయి మీద, చలికాలంలో అనీ చెప్పేవాడు. అందులో అబద్ధం లేదు. ఎండాకాలంలో రాయికీ చెమట పడుతుంది, చేతికీ చెమట పడుతుంది, రెండూ కలిసి మనిషిని కింద పడేస్తాయి. చలికాలంలో రాయి పొడిగా, గరుగ్గా ఉండి వేలిని అదే పట్టుకుంటుంది. అందుకని ఏడాదంతా ఆ గుంపు చలి కోసం ఎదురుచూసేది, రైతు వాన కోసం చూసినట్టు.

వాళ్ల భాష కూడా వేరు. రాయి మీద ఎక్కాల్సిన దారిని 'ప్రాబ్లం' అంటారు. మామూలు మనుషులు ప్రాబ్లం రాకుండా ఉంటే చాలనుకుంటారు. వీళ్లు కొత్త ప్రాబ్లం దొరకలేదని దిగులుపడేవాళ్లు.

రాయి ఎవడి సొత్తూ కాదని గడ్డం తరచూ అనేవాడు. ఏ రాయి ఎక్కడుందో అడిగితే మాత్రం, బీరువా తాళం ఎక్కడ పెడతారని అడిగినట్టు మొహం పెట్టేవాడు. ఆదివారాలు తన కారులో నలుగురిని ఎక్కించుకుని పోయేవాడు. సోమవారం చూపించే ఫోటోల్లో రాయీ, దానికి అతుక్కున్న మనిషీ తప్ప చుట్టుపక్కల ఒక్క చెట్టు ఆనవాలు కూడా ఉండేది కాదు. రెండు చలికాలాలు చత్వారం ఆ ఫోటోలు చూసి తల ఊపాడు. కారులో చోటు లేదన్నారు. మూడో చలికాలం మొదట్లో ఒకడు వేలి నరం తెంచుకుని మానేశాడు. ఖాళీ అయిన చోటు గురించి గడ్డం కళ్లు మూసుకుని తీర్పు చెప్పాడు: ఇంతవరకు ఎవరూ ఎక్కని రాయిని, ఊరికి దగ్గర్లో, ఎవరు చూపిస్తే చోటు వాళ్లది. రాయి మీద మొదట నిలబడ్డవాడే దానికి పేరు పెడతాడు. అది ఎక్కడైనా ఉన్న పద్ధతే.

చత్వారానికి ఆ చోటు కావాలి. ఎంతగా కావాలంటే, షాపులో ఒకావిడకి ఎడమ కంటి అద్దం కుడికి బిగించి ఇచ్చేంతగా. పుట్టి బుద్ధెరిగాక అతనికి ఇది నీ చోటు అని చూపించినవాళ్లు లేరు. షాపులో కుర్చీలు కొనేవాళ్లవి, అతను నిలబడాలి. అత్తవారింట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. పెద్దల్లుడికి 'సుఖనిద్ర' అనే పరుపుల షాపుంది, వ్యానుంది, దానికి తగ్గ పొట్ట ఉంది. ఆయన వస్తే అత్తగారు ఫ్యాను కింద కుర్చీ లాగి వేసేది. వెనకాలే వచ్చిన చత్వారాన్ని చూసి, 'ఎక్కడో ఒకచోట సర్దుకో బాబూ' అనేది. ప్రేమ లేక కాదు. ఆ మాట ఆమె నోటికి అలా అలవాటైపోయింది. గోడల మీద ప్లాస్టిక్ ముద్దలు పట్టుకుని వేలాడేచోటైనా తన కోసం నలుగురు ఒక సీటు ఖాళీ ఉంచుకుని ఎదురుచూడాలన్నది అతని కోరిక. దాని కోసం అతను వెతకని దిబ్బ లేదు.

మొదట దొరికిన రాయి బస్సుల డిపో వెనక ఉంది. ఎత్తూ వాలూ చక్కగా కుదిరాయి. దగ్గరికి వెళ్తే, డ్రైవర్లందరూ బండి దిగగానే ఎందుకు ఆ వైపు నడుస్తారో ముక్కుకు తెలిసింది. రెండోది ఒక పెద్దింటి తోటలో, గోడ మీదుగా కనిపించింది. యజమాని కాళ్లావేళ్లా పడి లోపలికి పోయి తట్టి చూస్తే డబ్బాలా మోగింది. సిమెంటు రాయి. లోపల నీళ్ల మోటారు దాచుకున్నారు. మూడోది నిజమైన రాయే గానీ నాచు పట్టి, ఎండ తగలని చోట తడిసిన గేదెలా ఉంది. చెయ్యి వేస్తే జారింది, కాలు వేస్తే జారింది, చివరికి ఊరికే పక్కన నిలబడినా జారిపడ్డాడు.

అసలు రాయి కాళ్ల దగ్గరే దొరికింది. అతనుండే వీధికి రెండు సందుల అవతల ఐసు ఫ్యాక్టరీ ఉంది. చలికాలం కదా, దాని తలుపు సగమే తెరిచి ఉంటుంది. అక్కడి మేనేజరుకు కళ్లద్దాలు ఇవ్వడానికి వెళ్లినప్పుడు, వెనక కిటికీలోంచి చూశాడు. మురుగు కాలవ దాటాక, తుప్పల మధ్య, మేడంత రాయి. ఇటువైపు ముఖం నిలువుగా, కత్తితో కోసినట్టుంది. పొద్దున ఎండ దాని నెత్తి మీద పడుతోంది. మేనేజరు అద్దాలు పెట్టుకుని బాగున్నాయా అని అడిగితే, చాలా బాగుందన్నాడు చత్వారం, రాయిని చూస్తూ.

మర్నాటినుంచి చీకటి విడవకముందే లేచి పోసాగాడు. ఫ్యాక్టరీ నిచ్చెన అడిగి తీసుకుని ముఖానికి ఆనించి, పట్టుల్లో పేరుకున్న మట్టినీ నాచునూ పళ్ల బ్రష్షుతో గీకాడు. తర్వాత నిచ్చెన తీసేసి, వేళ్లకు సుద్దపొడి రాసుకుని, ఇంట్లోంచి పట్టుకొచ్చిన పాత బొంత కింద పరుచుకుని ఎక్కబోయాడు. సగం దాకా బాగానే పోతున్నాడు. చివర అంచు కింద ఒక పట్టుంది, నాలుగు వేళ్లు ఇరుక్కునేంత. అక్కడికి చెయ్యి చేరేలోపల కాలు జారుతోంది. జారిన ప్రతిసారీ బొంత పల్చబడుతోంది, నడుము కాదు. రాయి వెనకవైపు ఎలా ఉందో అతను ఒక్కసారైనా చూడలేదు. గోడ మీద ఎక్కడం నేర్చినవాళ్లకు వెనక అనేది ఉండదు. పైగా ఎక్కితే కదా, దిగడానికి దారి వెతుక్కునేది.

భార్య లాండ్రీలో కౌంటరు దగ్గర కూర్చుంటుంది. వచ్చిన బట్ట తిరగేసి, ఇది పసుపు, ఇది నూనె, ఇది ఇంకు అని చీటీ రాసి గుచ్చడం ఆమె పని. అలాంటి మనిషి ఇంట్లో మొగుడి ప్యాంటు చూడకుండా ఉంటుందా? మోకాళ్ల మీద ఆకుపచ్చ. తొడల మీద తెల్లటి వేళ్ల గుర్తులు. ఇంట్లో పళ్ల బ్రష్షులు ఒకదాని తర్వాత ఒకటి మాయం. మనిషి చీకట్లో వెళ్తున్నాడు, చలిలో చెమటతో వస్తున్నాడు. తిండి తగ్గించాడు, అద్దంలో చూసుకుంటున్నాడు. ఆమె ఏమీ అడగలేదు. మరక ఏదో తేలేదాకా సబ్బు పెట్టకూడదని ఆ ఉద్యోగంలో మొదటి పాఠం.

ఒక సాయంత్రం పెరట్లో నిలబడి అతను గడ్డంతో ఫోనులో మాట్లాడుతున్నాడు. వంటింటి కిటికీ తెరిచే ఉంది.

"దొరికింది గురువుగారూ. మా ఇంటికి దగ్గరే. ఇంత అందమైన ప్రాబ్లం నేనింతవరకు చూళ్లేదు. ఇంకెవరి చెయ్యీ పడలేదు, నాదే మొదలు. రోజూ తెల్లారకముందే వెళ్లొస్తున్నాను. ఇంట్లో తెలీదు. చివరిదాకా వచ్చి జారిపోతోంది గానీ, ఆదివారానికి లొంగుతుంది."

లోపలికి వచ్చాక భార్య గిన్నె తోముతూ, ఏదైనా ప్రాబ్లమా అని అడిగింది. అబ్బే ఏం లేదన్నాడు. ఏం లేదన్న మాట ఆమెకు ఉన్నదంతా చెప్పింది.

ఆమె అక్కకు ఫోను చేసింది. అక్క మొగుడికి చెప్పింది. పరుపుల షాపాయన ఆ మాట విని ఎంత బాధపడ్డాడో గానీ, ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువే తిన్నాడు. తోడల్లుడి సంసారం చక్కదిద్దే అవకాశం అందరికీ రాదు. ఆదివారం పొద్దున వ్యాను తీసుకుని తనే వస్తాననీ, ఆ ప్రాబ్లం ఎవరో, ఎంతవరకు చదువుకుందో, తనే మాట్లాడి తేల్చేస్తాననీ మరదలికి ధైర్యం చెప్పాడు.

ఆదివారం మంచు కురుస్తోంది. గడ్డం కారు ఐసు ఫ్యాక్టరీ వెనక ఆగింది. గడ్డంతోపాటు గుంపులోని పళ్ల డాక్టరమ్మా, ఇంకో ఇద్దరు కుర్రాళ్లూ దిగారు. గడ్డం రాయికి చెంప ఆనించి కళ్లు మూసుకుని కాసేపు నిలబడ్డాడు. చత్వారం ఊపిరి బిగబట్టుకుని చూస్తున్నాడు, కూతురికి సంబంధం చూపిస్తున్న తండ్రిలా. పర్లేదన్నాడు గడ్డం. పట్టులు ఒకసారి పరీక్షించి చెబుతానని, బూట్లు బిగించుకున్నాడు. దొరికించుకున్నవాడు ముందెక్కాలి కదా అని చత్వారానికి అనాలని ఉంది. అనలేదు. జీవితమంతా అనని మాటల్లో అదొకటి. అదృష్టం బాగుండి గడ్డం సగం దగ్గరే జారి, కారులో తెచ్చి కింద పరిచిన పరుపు మీద పడ్డాడు. రాయి ఇంకా చల్లబడాలన్నాడు లేస్తూ. మళ్లీ ఎక్కాడు, మళ్లీ పడ్డాడు. ఈసారి మరీ ఎక్కువ చల్లబడిందన్నాడు.

అప్పుడు వచ్చింది పరుపుల వ్యాను. పరుపుల షాపాయన ముందు దిగాడు, వెనకాల అక్కాచెల్లెళ్లిద్దరూ దిగారు. ఆయన మంచులో కళ్లు చికిలించి చూసి, ఉన్నవాళ్లలో ఆడమనిషి ఎవరో కనిపెట్టి, పళ్ల డాక్టరమ్మ ఎదుట నిలబడ్డాడు.

"ఇదేనా తమ్ముడూ నీ ప్రాబ్లం?"

డాక్టరమ్మ సుద్దచేతులు దులుపుకుంది. "నాకే ప్రాబ్లమూ లేదండీ. ప్రాబ్లం అదీ" అని రాయి చూపించింది.

పరుపుల షాపాయన రాయి చూశాడు. తోడల్లుణ్ని చూశాడు. మళ్లీ రాయి చూశాడు. దారి పొడుగునా నేర్చుకొచ్చిన ఉపన్యాసం గొంతులోనే ఉండిపోయింది. చత్వారం భార్య ముందుకు నడిచి, రాయి మీది తెల్లటి వేలిముద్ర మీద తన వేలు పెట్టి రుద్ది చూసింది. ప్యాంటు మీది మరకే. ఆమె మొహం ముందు తేలికపడింది, ఆ తర్వాత ముడుచుకుంది.

"మనిషైతే జుట్టు పట్టుకుని అడిగేదాన్ని" అంది. "రాయితో ఏం మాట్లాడను?"

గుంపులో కుర్రాళ్లు దగ్గుతున్నట్టు నటించారు. చత్వారం బూటు లేసు కట్టుకుంటున్నట్టు నటించాడు. ఇంత దూరం వ్యాను తోలుకుని వచ్చి ఊరికే పోవడం పరుపుల షాపాయనకు నామోషీగా ఉంది. ఇంతకీ దీన్నేం చెయ్యాలి అని అడిగాడు. పైకెక్కాలన్నారు. ఎక్కి? ఎక్కడమే. మొదట ఎక్కినవాడు పేరు పెడతాడు. అంతేనా అని ఆయన రాయి చుట్టూ నడిచి వెనక్కి పోయాడు. తుప్పలు కదిలాయి. ఒక ముల్లును తిట్టడం వినపడింది. కాసేపటికి రాయి నెత్తి మీద ముందు పొట్టా, దాని వెనకాల ఆయనా కనిపించారు. కాళ్లకు మామూలు చెప్పులు.

"ఇక్కడ మంచు విడిపోయింది, ఎండ భలే ఉందే" అన్నాడు పైనుంచి. "మరదలా, అక్కను తీసుకుని ఇటు తిరిగి రా. మెట్లు కట్టినట్టుంది."

తాడిని తన్నేవాడుంటే వాడి తలను తన్నేవాడుంటాడంటారు. తలను తన్నేవాడు చెప్పులు వేసుకుని వస్తాడని మాత్రం ఎవరూ చెప్పలేదు. ఇది లెక్కలోకి రాదన్నాడు గడ్డం. మొదట నిలబడ్డవాడు అన్నారు మీరు, ఏ వైపు నుంచని అనలేదు కదా అంది డాక్టరమ్మ. ఆమెకు చిగుళ్లు చీల్చడం అలవాటు, మొహమాటం తక్కువ. గడ్డం కళ్లు మూసుకుని లోపల వెతుక్కున్నాడు గానీ ఈ పాఠం అక్కడ లేదు. పేరు పెట్టాలని చెబితే, పరుపుల షాపాయన ఆలోచించనుకూడా లేదు. మన షాపు పేరే పెట్టండి అన్నాడు.

ఆ రకంగా ఆ రాయి సుఖనిద్ర అయింది.

అందరూ సర్దుకుంటుంటే గడ్డం చత్వారాన్ని కారు వెనక్కి పిలిచాడు. రాయి మంచిదేననీ, ముందువైపు ఇంకా ఎవరూ ఎక్కలేదు కాబట్టి ఆ గౌరవం అలాగే ఉందనీ అన్నాడు. కారులో చోటిస్తాడు. ఒకటే షరతు. సుఖనిద్రకు వెనక దారి ఉందని చత్వారం ఎక్కడా నోరు విప్పకూడదు. ఇంకో మాట, గుంపు ఎప్పుడూ ఒకచోట నుంచే బయల్దేరాలి, అది పద్ధతి. చత్వారం అన్నిటికీ తలూపాడు. చోటు దొరికింది కదా.

దొరికిన చోటు వెనక సీటు మధ్యలో. అటొకరు, ఇటొకరు, ఒళ్లో చుట్టిన పరుపు, చుబుకం కింద మోకాళ్లు. గడ్డం ఇల్లు ఊరికి ఆ చివర. ప్రతి ఆదివారం చత్వారం మొదటి బస్సు పట్టుకుని, చలికి పళ్లు టకటకలాడుతుంటే ఊరంతా దాటి గడ్డం ఇంటికి పోయేవాడు. అక్కడ కారెక్కి, వచ్చిన దారినే తిరిగి వచ్చేవాడు. కారు అతని ఇంటి ముందునుంచే పోయేది. గేటు దగ్గర పాలప్యాకెట్టు తీసుకుంటున్న భార్య, కారు అద్దంలోంచి పరుపు వెనక సగం కనిపించే మొగుడి మొహాన్ని చూసేది. మొదటిసారి చెయ్యి ఊపింది. తర్వాత మానేసింది. రెండు సందులు నడిస్తే చేరే రాయికి ఊరు చుట్టి వచ్చేవాడితో ఏం మాట్లాడాలో ఆమెకు తెలియలేదు. ఎవరైనా డాక్టరుకు చూపిద్దామా అని అక్కను అడిగింది.

గుంపు తిప్పలు వేరే. సోమవారం గోడ దగ్గర, నిన్న ఎక్కడికెళ్లారని ఎవరైనా అడిగితే సుఖనిద్రకి అనాల్సొచ్చేది. సుఖనిద్రలో నాలుగుసార్లు పడ్డాను అని గడ్డం గంభీరంగా చెబుతుంటే కొత్తవాళ్లు మొహాలు చూసుకునేవాళ్లు. మంచం మీంచా అని ఒకడు అడిగేశాడు కూడా.

ఈలోగా రాయి పైభాగం వేరే విధంగా పేరు తెచ్చుకుంది. చలికాలం పొద్దున్నే ఎండ పడే చోటు ఆ చుట్టుపక్కల అదొక్కటే. ముందు అక్కాచెల్లెళ్లు వచ్చారు, ఎండలో కూర్చుని మాట్లాడుకోవచ్చని. తర్వాత పని లేని ఐసు ఫ్యాక్టరీవాళ్లు వచ్చారు. వీధిలో ముసలావిడ ఒకామె మోకాళ్ల నొప్పులు తగ్గాయని రోజూ ఎక్కి వచ్చేది. పరుపుల షాపాయన అమ్ముడుపోని పరుపు ఒకటి పైకి చేర్పించాడు. దాని మీద అడ్డంగా పడుకుని, కింద జరిగే విన్యాసాలు చూస్తూ బత్తాయి ఒలుచుకునేవాడు. కింద ముఖం మీద గుంపు పట్టుదలగా ఎక్కేది, పట్టుదలగా పడేది. పైనుంచి తొక్కలు రాలేవి. పైన ఎవరూ లేనట్టు ఎక్కాలని గడ్డం ఆజ్ఞ. తొక్క నెత్తిన పడ్డా తల ఎత్తకూడదు. పైనున్నవాళ్లు ఎక్కేవాడికి చెయ్యిచ్చినా, తాకినా అది ఎక్కినట్టు కాదు.

చలి వెనకపట్టు పట్టింది. ఇక ఈ వారంతో సరి, వచ్చేవారం రాయికి చెమట పడుతుందని గడ్డం ప్రకటించిన ఆదివారం, ముందువైపు గౌరవం ఇంకా ఎవరికీ దక్కకుండా అలాగే ఉంది. గడ్డం తన వంతు పడి లేచి, పాత చలికాలంలో వేరే రాయి మీద దిగిన ఫోటో ఒకటి ఫోనులో తీసి, కాలు ఎక్కడ పెట్టాలో మిగతావాళ్లకు చూపించసాగాడు. అందరి తలలూ ఫోను మీద వాలాయి. చత్వారం వంతు వచ్చింది. ఎక్కనా అని అడిగాడు. ఊఁ అన్నాడు గడ్డం తల ఎత్తకుండా.

చత్వారం ఎక్కాడు. ఆ చలికాలమంతా తెల్లవారుజాముల్లో పాకిన దారే. వేళ్ల కొనల మీద తోలు పోయి ఎర్రగా ఉంది, అయినా రాయి పట్టుకుంది. సగం దాటాడు. కాలు జారే చోట ఈసారి కాలు జారలేదు. తనకే నమ్మకం కలగక ఒక క్షణం అలాగే అతుక్కుపోయాడు. ఇక మిగిలింది అంచు కింద, నాలుగు వేళ్లు పట్టే ఆ పట్టు. చెయ్యి చాచి చూస్తే అందులో పరుపుల షాపాయన మడమ ఉంది.

ఆయన అంచు మీద కాళ్లు వేలాడేసుకుని, బత్తాయి తింటున్నాడు.

"అన్నయ్యా" అన్నాడు చత్వారం. "కాలు తియ్యి."

పరుపుల షాపాయన వంగి చూశాడు. "అరె, నువ్వా తమ్ముడూ. ఇటెందుకు వస్తున్నావు? వెనక బాగుంది కదా."

"అన్నయ్యా. కాలు."

"అక్కడ వేలాడుతూ మాట్లాడ్డమెందుకు, చెయ్యివ్వనా?"

"వద్దు. తాకొద్దు. కాలు మాత్రం తియ్యి."

చత్వారం కాళ్లు వణకడం మొదలైంది, కుట్టు మిషను సూదిలా. పైన అతని భార్య లేచి వచ్చింది. ఆమె మొగుడి మొహం చూసింది. పెళ్లయ్యాక ఆ మొహంలో ఇది కావాలి అన్న రాత ఆమె చదవడం అదే మొదలు. కావలసినది ఒక మడమ పక్కకు జరగడమే అయినా సరే. ఆమె వంగి బావ కాలు రెండు చేతులతో పట్టుకుని, చెప్పుతో సహా ఎత్తి పక్కన పెట్టింది, దారికడ్డంగా ఉన్న చెంబు తీసినట్టు.

వేళ్లు పట్టులోకి దిగాయి. ఆ తర్వాత ఎలా ఎక్కాడో అతనికే తెలియదు. పొట్ట గీసుకుంది, గడ్డపార మింగినట్టు ఒక మూలుగు వచ్చింది, అంచు దాటి పరుపు మీద బోర్లా పడ్డాడు. పరుపు వెచ్చగా ఉంది. ముసలావిడ జరిగి, ఎవరి తాలూకు బాబూ అని అడిగింది.

కాసేపటికి కింద గడ్డం తల ఎత్తాడు. కింది పరుపు మీద చత్వారం లేడు, రాయి ముఖం మీద లేడు. పైన చూశాడు.

"ఎప్పుడెక్కావు?"

"ఇప్పుడే."

"ఎవరు చూశారు?"

"నేను చూశాను" అంది భార్య.

"మీరు లెక్కలోకి రారమ్మా" అన్నాడు గడ్డం. మర్యాదగానే అన్నాడు. డాక్టరమ్మ తాను చూడలేదని ఒప్పుకుంది. కుర్రాళ్లు చూడలేదు. ఎవరూ చూడకపోతే ఎక్కినట్టు కాదని గడ్డం వివరించాడు. పైగా పైనున్నవాళ్లు ఏదో కదిపినట్టు కూడా తనకు అనుమానంగా ఉందన్నాడు. చత్వారం వెనకనుంచి దిగి వచ్చి, మళ్లీ ముందునుంచి ఎక్కాలి, ఈసారి వీడియో తీస్తారు. ఎక్కలేకపోతే, వచ్చే చలికాలానికి కారులో చోటు సంగతి ఆలోచించాల్సి ఉంటుంది. మధ్య సీటు కోసం ఇంకో ఇద్దరు అడుగుతున్నారు.

చత్వారం లేచి కూర్చున్నాడు. వీపు మీద ఎండ తగులుతోంది. పైనుంచి చూస్తే గడ్డం పొట్టిగా, ఒక గడ్డమూ రెండు బూట్లూ అన్నట్టు ఉన్నాడు. చత్వారం అలవాటు కొద్దీ లేవబోయాడు. మోకాలు సగం లేచింది కూడా. భార్య అతని వైపు చూడలేదు. ఏమంటాడోనని బత్తాయి మీది పీచు తీస్తూ కూర్చుంది.

"గురువుగారూ" అన్నాడు చత్వారం. "మీరే పైకి రండి. ఇక్కణ్నుంచి అంతా బాగా కనపడుతుంది. నేనెక్కిన గుర్తులు కూడా అంచు మీదున్నాయి, చూసుకోండి."

పైకి రావడానికి ఉన్నవి రెండే దారులు. ఒకటి ఈ చలికాలమంతా గడ్డాన్ని పడేసింది. రెండోది ఉందని నోరు విప్పకూడదని తనే షరతు పెట్టాడు.

చత్వారం మాట సగం వినగానే డాక్టరమ్మ బూట్లు విప్పేసి, ఎండ బాగుందనుకుంటాను అంటూ వెనక్కి నడిచింది. కుర్రాళ్లిద్దరూ పరుపు చుట్టబోయి, ఒకరి మొహం ఒకరు చూసుకుని, వదిలేసి ఆమె వెంట పోయారు. కింద గడ్డం ఒక్కడే మిగిలాడు, బనీనుతో. ఐసు ఫ్యాక్టరీ నీడ అప్పుడే అతని భుజాల మీదికి వచ్చింది. కాసేపు రాయిని తట్టి చూశాడు. కాసేపు ఫోను చూసుకున్నాడు. తర్వాత కనపడలేదు. వెళ్లిపోయాడేమో అన్నాడు ఒక కుర్రాడు. కారు కదిలిన చప్పుడు రాలేదు.

వెనక తుప్పల్లో ఏదో ఆగి ఆగి కదిలింది, దొంగమేత మేసే గొడ్డులా. గడ్డానికి ముల్లు చిక్కుకుంటే ఎవరైనా అనే మాటే ఒకటి వినపడింది. పరుపుల షాపాయన చేతులు తుడుచుకుని లేచి, వాలు దాకా వెళ్లి, చెయ్యి అందించాడు.

"రండి రండి. మొహమాటమెందుకు? మేమందరం ఇటునుంచే వచ్చాం."

అందరం కాదు అనబోయాడు చత్వారం. నోరు తెరిచాడు కూడా. గడ్డం వచ్చి, ఎవరి కళ్లలోకీ చూడకుండా, చలికి చంకల్లో చేతులు పెట్టుకుని నిలబడ్డాడు. భార్య ఒలిచిన తొన ఒకటి మొగుడి చేతిలో పెట్టింది. చత్వారం తొన నోట్లో వేసుకుని, పరుపు మీద కొంచెం జరిగి, గడ్డానికి చోటిచ్చాడు.